ఒకే కవరులో రెండు ఉత్తరాలు

పోయిన వారం జూడిత్ హాలమ్‌ని మనం కిటికీ దగ్గర నిలబెట్టి వదిలేశాం. మంగళవారం మధ్యాహ్నం, ఇంగ్లండులోని బెవర్లీ ఊరి వీధిలో టపా బూర మోగింది. జూడిత్ గుండె కూడా దానితో పాటే మోగింది. నవ్వకండి. ముప్ఫై ఏళ్ళొచ్చి, పెళ్ళి కాక, తమ్ముడి ఇంట్లో ఉంటున్న మనిషికి టపా అంటే ఏమిటో మీకేం తెలుసు?

చిన్నప్పుడు జూడిత్‌తో ఒకే బడిలో చదివిన టాబిత హార్ట్‌లీ ఇప్పుడు నారిచ్‌లో మేనత్త దగ్గర ఉంటోంది. వాళ్ళిద్దరి మధ్యా పదమూడేళ్ళుగా ఉత్తరాలు నడుస్తున్నాయి. కిందటేడు తమ్ముడు ఆంబ్రోస్ మార్జరీని పెళ్ళాడి తెచ్చాడు. ఇంటి తాళాలు మార్జరీ నడుముకు వెళ్ళాయి. టీ బల్ల దగ్గర జూడిత్ కూర్చునే కుర్చీ మార్జరీది అయింది. పోనీలే, ఇంటి కోడలు కదా అని జూడిత్ పళ్ళ బిగువున ఊరుకుంది. కానీ మొన్న వసంతంలో మార్జరీ నారిచ్ వెళ్ళి టాబిత ఇంట్లో మూడు వారాలు ఉండి వచ్చింది. అప్పట్నించీ టాబిత మార్జరీకి కూడా రాయడం మొదలుపెట్టింది. అదీ ఎలా! మార్జరీకి వచ్చేది లావుపాటి ఉత్తరం, జూడిత్‌కి వచ్చేది ఒక్క కాగితం. తాళాలు తీసుకున్నావు, కుర్చీ తీసుకున్నావు, లోకంలో నాకంటూ ఉన్న ఒక్క మనిషిని కూడా లాక్కుంటావా అని జూడిత్ కడుపు రగిలిపోతోంది. ఇదీ సంగతి.

ఆంబ్రోస్ కవరు పట్టుకుని లోపలికి వచ్చాడు. పై కాగితం మీద పార్లమెంటు సభ్యుడి సంతకం ఉంది. ఆ సంతకం ఉంటే టపా రుసుము ఉండదు. అందుకని నారిచ్‌లోని ఆ పెద్దమనిషిని బతిమాలి, ఆయన కవరులోనే రెండు ఉత్తరాలూ దూర్చి పంపడం టాబితకు అలవాటు.

“ఆగు నాయనా, నన్ను కూర్చోనీ” అంది క్రౌల్ పిన్నిగారు. పక్కింటి విధవావిడ. మంగళవారం టీ వేళకు ఆవిడ రాకపోతే టపాయే రాలేదేమో అనుకోవాలి. “నాకు రాసేవాళ్ళంతా పైకి పోయారు. మీ ఉత్తరాలే నాకు గతి.”

ఆంబ్రోస్ పై కాగితం విప్పాడు. రెండు ఉత్తరాలు బల్ల మీద పడ్డాయి. రెండూ ఒకే తీరున మడిచి ఉన్నాయి, రెంటికీ ఒకే ఎర్ర లక్క. ఒకటి లావు, ఒకటి పల్చన.

“ఇది మార్జరీకి” అని పల్చనిది పెళ్ళాం వైపు తోశాడు. “ఇది అక్కకి.”

జూడిత్ ఒక్క క్షణం తన చెవులను నమ్మలేదు. లావుది తనకా! చేతిలోకి తీసుకుని బరువు చూసింది. మూడు కాగితాలు ఉంటాయి. ఓరకంట మార్జరీని చూసింది. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల తన చేతిలోని పల్చని ముక్కను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. జూడిత్‌కు ఎంత సంతోషం వేసిందంటే, అంత సంతోషపడుతున్నందుకు సిగ్గు కూడా వేసింది. కానీ సిగ్గు తక్కువే, సంతోషమే ఎక్కువ.

“ఇవాళ నీకు పెద్దది రాలేదే మార్జరీ! పాపం టాబితకు తీరిక లేదేమో” అంది తియ్యగా.

“మీ ఉత్తరంలోనే అన్నీ రాసి ఉంటుందిలెండి వదినా” అంది మార్జరీ. ఆ పిల్లకూ నోరుంది.

“చదవవే తల్లీ, టీ చల్లారిపోతోంది” అంది క్రౌల్ పిన్నిగారు, సోపు గింజల కేకు ముక్క సాసరులో వేసుకుంటూ.

ఊళ్ళో ఎవరింట్లోనైనా అంతే. ఉత్తరం వచ్చిందంటే టీ దగ్గర అందరికీ పైకి చదవాలి. చాటుకు తీసుకుపోయారంటే అందులో ఏదో ఉన్నట్టే. పెద్దవాళ్ళది ముందు, చిన్నవాళ్ళది తరువాత. జూడిత్ లక్క విరిచింది. కాగితం విప్పింది. గొంతు సవరించుకుంది.

“నా బంగారు మార్జరీ,” అని ఉంది.

జూడిత్ కాగితాన్ని వెలుతురులోకి తిప్పింది. మళ్ళీ చూసింది. మార్జరీ అనే ఉంది. సంగతి ఆమెకు వెంటనే అర్థమైంది. టాబిత రెండు ఉత్తరాలూ మడిచి, లక్క పెట్టి, తరువాత తీరిగ్గా పైన పేర్లు రాస్తుంది. బడిలో ఉన్నప్పట్నించీ అంతే. ఈసారి దీని మీద దాని పేరు, దాని మీద దీని పేరు పడింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? ‘ఇది నీది మార్జరీ’ అని ఇచ్చెయ్యాలి. మర్యాద అదే. కానీ ఆమె కళ్ళు అప్పటికే రెండో వాక్యం మీద పడ్డాయి. ఆ వాక్యం చదివాక మర్యాద ఎవరికి కావాలి?

“నువ్వు పంపిన మూట క్షేమంగా అందింది. నేను జూడిత్‌కు రాసిన ఉత్తరాలు పదిహేడు వందల అరవై ఏడో సంవత్సరం దాకా అన్నీ ఉన్నాయి.”

“ఏమైందే? చదవవేం?” అంది పిన్నిగారు.

ఆపితే ఉత్తరం చెయ్యి మారిపోతుంది. పూర్తిగా చూడాలంటే చదువుతూనే ఉండాలి. జూడిత్ నవ్వు తెచ్చిపెట్టుకుంది.

“‘నా ప్రియమైన జూడిత్’” అని మొదలుపెట్టింది. “‘ఇక్కడ అందరం క్షేమం. వానలు. ఒకటే వానలు. వాకిట్లో కాలు పెట్టేటట్టు లేదు.’”

“అక్కడా వానలే!” అన్నాడు ఆంబ్రోస్.

కళ్ళు మాత్రం కిందికి దిగుతున్నాయి. ‘కానీ అరవై ఎనిమిది వేసవిలోవి ఆ మూటలో లేవు మార్జరీ. నాకు ముఖ్యంగా కావలసినవి అవే. జూడిత్ పెట్టెలో అడుగున ఉంటాయేమో చూడు. చిన్నతనపు పిచ్చి రాతలు, ఇప్పుడు ఎవరైనా చూస్తే నాకు తలవంపులు. అడిగితే అది ఇవ్వదు. పాపం, అన్నీ మూటకట్టి దాచుకుంటుంది. తలుచుకుంటే జాలేస్తుంది.’

జాలి! పదమూడేళ్ళు నీకు రాసిన దాన్ని, నీ జాలి కోసమా నేను రాసింది? జూడిత్ చెవుల్లోంచి వేడి పొగలొచ్చాయి.

“‘అత్తయ్యకు మోకాలి నొప్పి మళ్ళీ మొదలైంది’” అంది పైకి.

“ఏ మోకాలు?” అంది పిన్నిగారు. ఆవిడకు ఇలాంటివి కావాలి.

“కుడిది.”

“అయ్యో! ఆవనూనె రాయమని రాయవే.”

“‘గూస్‌బెర్రీ జామ్ ఈ ఏడు గట్టిపడలేదు. పాకం నీళ్ళగానే ఉండిపోయింది. చర్చిలో కొత్త పాటగాళ్ళు వచ్చారు కానీ గొంతులు బాగాలేవు...’” ఇవన్నీ ఎక్కణ్ణించి వస్తున్నాయో జూడిత్‌కే తెలియదు. టాబిత ఎలా రాస్తుందో ఆమెకు నిద్రలో కూడా తెలుసు. నోరు దాని పని అది చేసుకుపోతోంది.

కళ్ళు రెండో కాగితం మీదికి వెళ్ళాయి. ‘నీతో మాట్లాడినంత హాయిగా దానితో మాట్లాడలేను. నువ్వు నా చెల్లెలివి. గురువారం నేనూ గిడియన్ మీ ఇంట్లో దిగుతాం. హల్ రేవులో ఆయనకు పని ఉంది. మా పెళ్ళి సంగతి జూడిత్‌కు నేనే నోటితో చెబుతాను. అంతదాకా నీ నోరు జాగ్రత్త. మేం వచ్చేలోపు అరవై ఎనిమిదో సంవత్సరం ఉత్తరాలు నీ చేతిలో ఉండాలి.’

గిడియన్.

గిడియన్ మార్ష్. ఆరేళ్ళ కిందట, అరవై ఎనిమిదిలో, ఊరి బీళ్ళు కొలవడానికి కొలత గొలుసులు పట్టుకుని వచ్చినవాడు. ఈ ఇంట్లోనే పై గదిలో మూడు నెలలు అద్దెకు ఉన్నాడు. వెళ్ళే రోజు చర్చి గుమ్మంలో జూడిత్ చేతిలో మడిచిన కాగితం ఒకటి పెట్టి వెళ్ళాడు. ఇక ఆ తరువాత ఏమైందో జూడిత్ టాబితకు తప్ప ఏ పురుగుకూ చెప్పలేదు.

జూడిత్ కాగితాన్ని బల్ల మీద ఆనించి పట్టుకుంది.

“‘ఇంతకన్నా విశేషాలు లేవు’” అంది. “‘ఎప్పటికీ నీ టాబిత.’”

“మూడు కాగితాల్లో ఇంతేనా?” అన్నాడు ఆంబ్రోస్.

“పెద్ద అక్షరాలు రాసింది” అని జూడిత్ ఉత్తరం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పైన చెయ్యి అదిమి పెట్టింది.

“ఇక నీది మార్జరీ” అంది పిన్నిగారు.

మార్జరీ విప్పింది. మొదటి వరస చూసింది. తలెత్తి జూడిత్ వైపు చూసింది. జూడిత్ కూడా ఆ పిల్లనే చూస్తోంది. మార్జరీ ముఖంలో రంగు మెడ దగ్గర్నించి పైకి పాకి, మళ్ళీ దిగిపోయింది.

“ఏమ్మా, నీదాంట్లోనూ వానలేనా?” అన్నాడు ఆంబ్రోస్.

ఆ పిల్లకు కల్పించడం చేతకాదు. ఉన్నది చదివేసింది, పేరు ఒక్కటి మింగేసి. “‘ఇక్కడ అందరం క్షేమం. వానలు ఆగడం లేదు. అత్తయ్యకు ఎడమ మోకాలు మళ్ళీ వాచింది. జామ్ గట్టిపడలేదు. కళ్ళు మండుతున్నాయి, అందుకే ఎక్కువ రాయలేకపోతున్నాను...’”

క్రౌల్ పిన్నిగారు కప్పు కింద పెట్టింది. “ఇదేం చోద్యం! ఇద్దరికీ ఒకే ఉత్తరం రాసి పారేసింది! ఆ మోకాలు కూడా ఒకరికి కుడిది, ఇంకొకరికి ఎడమది. ఏమే జూడిత్, నీ స్నేహితురాలికి బద్ధకం ఎక్కువైంది సుమా!”

ఆంబ్రోస్ పగలబడి నవ్వాడు. ఆడవాళ్ళిద్దరూ నవ్వలేదు. జూడిత్‌కు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. తను గాలిలోంచి అల్లిన అబద్ధపు ఉత్తరమూ, టాబిత తనకు నిజంగా రాసిన ఉత్తరమూ ఒక్కటే! ఎన్నాళ్ళుగా వాన గురించీ జామ్ గురించీ వింటూ, ఇదే ప్రేమనుకుని దాచుకుంటోందో!

పిన్నిగారు వెళ్ళిపోయింది. వకీలైన ఆంబ్రోస్, క్లయింటు ఎవరో వచ్చారని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. జూడిత్ లేచి మెట్లెక్కింది. వెనక తాళాల గుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. మార్జరీ కూడా వస్తోంది.

గదిలో మంచం పక్కన పెట్టె ఉంది. జూడిత్ మూత ఎత్తింది. ఏడాదికి ఒకటి చొప్పున రిబ్బను కట్టిన కట్టలు, చక్కగా ఉన్నాయి. ఒకటి తీసి రిబ్బను లాగింది. పైన టాబిత ఉత్తరం ఒకటి ఉంది. దాని కింద అంతా ఆంబ్రోస్ ఆఫీసులోని చిత్తు దస్తావేజులు.

“బాగానే సర్దావు” అంది. “రిబ్బను ముడి కూడా నాలాగే వేశావు. తాళం ఎక్కడిది?”

మార్జరీ గుమ్మంలోనే నిలబడింది. “ఇంటి తాళాల్లో ఒకటి పట్టింది.”

“ఓహో! ఇంటి తాళాల్లో! అందుకా అన్ని తాళాలూ నీ నడుముకు కట్టించుకున్నావు?”

“వదినా, అరవకండి. ఆయన వింటారు.”

“విననీ! వాడి పెళ్ళాం దొంగ అని వినకూడదా?”

“దొంగని కాదు!” అంది మార్జరీ. “అవి ఆవిడ రాసినవే కదా. పెళ్ళి చేసుకునేవాళ్ళు తమ ఉత్తరాలు వెనక్కి అడగడం ఎక్కడైనా ఉన్నదే. మిమ్మల్ని అడిగితే బాధపడతారు, మెల్లగా తీసి పంపు చెల్లీ, అంది. చెల్లీ అంది వదినా, నన్ను. నన్ను ఈ ఇంట్లో ఎవరలా పిలిచారు? మీరు పిలిచారా?”

“నేనా?”

“మీరే! వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. ఉప్పు ఇలా వెయ్యకు, దుప్పటి అలా మడవకు, జూడిత్ అయితే ఇలా చేసేదని ఆయన, జూడిత్ అయితే అలా చేసేదని పిన్నిగారు. టపా వస్తే మీకు ఉత్తరం, మీకు స్నేహితురాలు. నాకు రాసేవాళ్ళు ఒక్కరు లేరు. మంగళవారం వస్తే మీ ముఖం వెలిగిపోయేది, చూస్తే నా ఒళ్ళు మండిపోయేది. మీకున్నది నాకూ ఒక్కటి కావాలనిపించింది. అంతే.”

జూడిత్ ఇన్నాళ్ళూ ఎవరిని చూసి కుమిలిపోతోందో, ఆ పిల్ల తనను చూసే కుమిలిపోతోంది. ఇంకో రోజైతే దీనికి ఆమె నవ్వేదేమో. ఇవాళ నవ్వు రాలేదు.

“గిడియన్ మార్ష్‌తో దానికి ఎప్పట్నించి?” అంది.

“నేను వెళ్ళేసరికే రోజూ వచ్చిపోతున్నాడు. ఆవిడే టీ పోసేది. ఆవిడ చదివి వినిపిస్తూంటే ఆయన వినేవాడు.”

“ఏం చదివేది?”

మార్జరీ తల దించుకుంది. “మీ ఉత్తరాలే.”

అరే, ఇదొకటి! జూడిత్ మంచం అంచు పట్టుకుని కూర్చుంది. తను ఇక్కడ ఈ బల్ల దగ్గర వేళ్ళు చలికి కొంకర్లు పోతుంటే రాసిన మాటలన్నీ అక్కడ టాబిత నోట పలికాయి. ఆ టీ బల్ల, ఆ కప్పు అందించే చెయ్యి, అందుకునే చెయ్యి అన్నీ కళ్ళకు కట్టాయి. తన మాటలతోనే అది ఆయన్ను నవ్వించి ఉంటుంది. మార్జరీ మీద పడ్డ అసూయ ఇప్పుడు పిల్లల ఆటలా తోచింది. అసలైనది ఇది. ఇది లోపల ఎముకల్లో పుట్టింది.

“మొదటి నుంచీ ఆవిడ అడుగుతున్న అరవై ఎనిమిదో సంవత్సరం ఉత్తరాలు పెట్టెలో ఎక్కడా దొరకలేదు. అవి ఎందుకు అంత ముఖ్యమో నాకు నిజంగా తెలియదు వదినా” అంది మార్జరీ. “ప్రమాణం చేస్తాను.”

“పెట్టెలో ఉంటే కదా దొరకడానికి.”

జూడిత్ లేచి, పరుపు ఒక అంచు ఎత్తి, చిన్న గుడ్డ సంచీ బయటికి తీసింది. అందులోంచి మడతల దగ్గర చిరిగిపోయిన టాబిత ఉత్తరం ఒకటి తీసింది. ఆరేళ్ళలో ఎన్నిసార్లు విప్పి ఉంటుందో లెక్కలేదు.

“గిడియన్ నన్ను పెళ్ళి చేసుకుంటానని రాశాడు మార్జరీ. ఇష్టమైతే ఒక్క ముక్క రాయమన్నాడు. పెళ్ళి నిశ్చయం కాని ఆడపిల్ల మగవాడికి ఉత్తరం రాయడం ఎక్కడైనా ఉందా? టపా కచేరీలో నా చేతిరాతతో ఆయన పేరు కనపడితే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసేది. ఆయన వెళ్ళింది నారిచ్‌కే. అందుకని ఇష్టమేనని రాసి, టాబితకు రాసిన ఉత్తరం లోపల పెట్టి, ఆయన చేతికి ఇవ్వమన్నాను. ఇదీ దాని జవాబు. చదువు.”

మార్జరీ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో పట్టుకుని చదివింది. జూడిత్‌కు చూడనక్కర్లేదు, అక్షరం అక్షరం నోటికొచ్చు. ‘నీ ఉత్తరం నా చేతులతో ఆయన చేతికే ఇచ్చాను. నా ఎదుటే చదివాడు. మడిచి కోటులో పెట్టుకుని, వాన వచ్చేట్టుంది అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. ఆయన మనసు మారినట్టుంది జూడిత్. నువ్వు కూడా మరిచిపో, ఇంకెప్పుడూ రాయకు.’

“రాయలేదు” అంది జూడిత్. “ఇంకెప్పుడూ రాయలేదు. నన్ను కాదన్నవాణ్ణి ఇప్పుడిది చేసుకుంటోంది. చేసుకోనీ. ఈ ఉత్తరం నా దగ్గరుంటే ఏం పోయింది దానికి? ఇందులో అది చేసిన తప్పేముంది? అదే నాకు అర్థం కావడం లేదు.”

మార్జరీ ఉత్తరాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. వేలు ఒక వరస మీద ఆగిపోయింది. అది అక్కడే ఉంది, కదలడం లేదు.

“ఏమిటి?” అంది జూడిత్.

“ఇందులో చదివాడని ఉంది.”

“ఉంది.”

“నిజంగా చదివాడా వదినా?”

“రాసింది కదా! అలా అడుగుతావేం?”

మార్జరీ వెనక్కి తిరిగింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. “నేను నారిచ్ నుంచి బయల్దేరే రోజు ఆయన బండి దాకా వచ్చాడు. టాబిత నా టోపీ పెట్టె కోసం లోపలికి వెళ్ళింది. అప్పుడు నన్నొక మాట అడిగాడు. మీరే ఆయన్ను కాదన్నారనుకున్నాను, అడిగి మిమ్మల్ని నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.”

“ఏమడిగాడు? మార్జరీ, ఏమడిగాడు?”

“‘ఆరేళ్ళ కిందట మీ వదినగారికి ఒక ఉత్తరం ఇచ్చాను’ అన్నాడు. ‘అవునని రాయకపోయినా, కాదనైనా ఒక్క ముక్క రాస్తారని ఏడాది పాటు టపా కోసం ఎదురుచూశాను. ఎందుకు రాయలేదో మీకేమైనా తెలుసా?’ అన్నాడు.”